ఒంటికాలి బండి

ఈ మనిషి గురించి ముందే రాయకపోవడానికి కారణాలు రెండు. మొదటిది, అప్పట్లో నాకు రాయడం రాదు. అరవై దగ్గరపడ్డాక, సింగపూర్‌లో తెలుగువాళ్ళు పిల్లల కోసం పెట్టిన ఆదివారం తరగతిలో, మనవరాలి పక్కన బెంచీ చివర కూచుని అక్షరాలు దిద్దుకున్నాను. రెండోది ఆ మనిషే. నాకు రాయడం వచ్చిందని తెలిసిన రోజున, "నా గురించి రాస్తే కారు గురించి రాయి. మోకాలి గురించి రాసినావంటే ఊరుకోను" అంది. ఆవిడకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కానీ ఎవరినైనా పట్టుకుని చదివించుకోగల మనిషి. మోకాలు తీసేస్తే ఆ కారు సంగతిలో చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

పోయిన వారం ఆవిడ భర్త ఫోన్ చేశారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. తరవాత ఆయన, "ఇంట్లో నడుస్తుంటే మెల్లిగా నడు అనేవాళ్ళు లేరమ్మా" అన్నారు.

మా అమ్మాయికి కంప్యూటరు ఉద్యోగం వచ్చి సింగపూర్‌లో దిగిన రోజుల్లో ఆవిడ నాకు పరిచయం. ఆ ఏళ్ళలో మన పిల్లలు ఆ ఉద్యోగాలకి విమానాల నిండా వచ్చేవారు. అమ్మాయీ అల్లుడూ పొద్దున వెళితే చీకటిపడ్డాకే రావడం. పసిపిల్లను చూసుకోవడానికి నన్ను పిలిపించుకున్నారు. బుకిట్ బటోక్‌లో ఫ్లాటు. వచ్చిన కొత్తలో ఒకరోజు లిఫ్టులో ఒక పెద్దావిడ నా పక్కన నిలబడింది. పొట్టిగా, గట్టిగా ఉంది. మగవాళ్ళ చేతిగడియారం పెట్టుకుంది. లిఫ్టు కిందికి దిగుతూ ఉంటే ఆవిడ ఎడమ కాలు నేలను మెల్లిగా నొక్కడం మొదలుపెట్టింది. లిఫ్టు ఆగాక వదిలింది. నేను ఆ కాలినే చూస్తున్నానని కనిపెట్టి, "బ్రేకు" అంది తెలుగులో.

అలా మాటలు కలిశాయి. మా అమ్మాయి అలవాటు చూసి నేను కూడా ఆంటీ అన్నాను. "నీకు నేను ఆంటీనా? నీకూ నాకూ తేడా ఏటున్నాది? అక్కా అను" అంది. అప్పటినుంచి అక్కే.

వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో మలయా తోటలకి వచ్చాడు. ఆయన తెచ్చిన తెలుగు ఆవిడ నోట్లో అలాగే ఉండిపోయింది. దాని మీద అరవం, మలాయి, ఇంగ్లీషు వచ్చి కూచున్నాయి. ఆవిడ వృత్తి కారు నడపడం నేర్పించడం. అక్కడ ఆ మాస్టర్ల కార్లలో పక్క సీటు దగ్గర కూడా క్లచ్చీ బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే మాస్టరు తన కాలితో ఆపుకోవాలి. ఆవిడకి రెండూ ఎడమ కాలితోనే తొక్కడం అలవాటు. చాలా ఏళ్ళు ఆ పక్క సీటులో కూచుని, పరాయివాళ్ళ తప్పులు తన కాలితో ఆపి ఆపి, ఆ కాలు ఆవిడ మాట వినడం మానేసింది. టీవీలో ఎవరైనా పరిగెత్తితే నొక్కేది. భర్త ముక్కలు నమలకుండా మింగుతుంటే నొక్కేది. నోటితో మాత్రం ఒకటే మాట: "పెలాన్ పెలాన్ లా." మలాయిలో మెల్లిగా మెల్లిగా అని. "రోడ్డు ఎక్కడికీ పారిపోదు. నువ్వే పారిపోతన్నావు."

ఇంత మెల్లిగా బతకమనే మనిషికి సొంతానికి ఉన్న కారు మాత్రం వేరే రకం. నేలకి ఆనుకున్నట్టుండే జపాన్ కారు, రెండే తలుపులు, ముదురు నీలం. లోపల టర్బో బిగించిన ఇంజను. ఆవిడ మూత ఎత్తితే మా బ్లాకులో ఉన్న కంప్యూటరు కుర్రాళ్ళంతా గుడిలో హారతి వేళకి వచ్చినట్టు చుట్టూ చేరేవారు. వారమంతా నేర్చుకునేవాళ్ళతో నత్తలా తిరిగి, ఆదివారం ఆ కారు తీసేది. బోర్డు మీద రాసిన వేగం దాటగా నేనెప్పుడూ చూడలేదు. అలాంటప్పుడు ఇంత ఇంజను ఎందుకని ఒకసారి అడిగాను.

"మీ వంటింట్లో రెండు పొయ్యిలున్నాయి గదా. రెండూ పెద్దమంట మీదే పెడతావేటి?"

"లేదు."

"మరి పెద్దమంట తీసేయమందామా?"



భర్త రిటైరైన గుమాస్తా. నెమ్మదైన మనిషి. కారు నడపడం రాదు, నేర్చుకోలేదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఒక్కరోజు నేర్పించిందట. ఆ ఒక్కరోజు గురించి ఇద్దరిలో ఎవరూ వివరం చెప్పలేదు. అప్పటినుంచి ఆయన వెనక సీటులో అరవ పేపరు పట్టుకుని కూచుంటారు.

ఎడమ మోకాలు అరిగిపోయిందని డాక్టరు చెప్పడంతో ఆవిడ నేర్పించడం మానేసింది. కానీ అసలు చిక్కు నీలం కారుతో వచ్చింది. ఇంజనుకి బలం ఎక్కువైతే దాని క్లచ్ కూడా అంత గట్టిది వెయ్యాలి. దాన్ని తొక్కడమంటే రోకలిని కాలితో నొక్కినట్టు. సిగ్నల్ సిగ్నల్‌కీ తొక్కి, ఇంటికొచ్చి మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకునేది. ఒకరోజు డాక్టరు ఇంకా తేటగా చెప్పాడు. క్లచ్ మానేస్తేనే మోకాలు మిగులుతుంది. అంటే కారు అమ్మాలి, లేదా ఆటోమేటిక్‌గా మార్చాలి.

"అమ్మేయి" అన్నారు భర్త.

"అమ్మేస్తే ఇంట్లో కూచుని ఏం సెయ్యాలి? నీకు డ్రైవింగ్ నేర్పించనా?"

ఆయన వెంటనే పేపరులోకి వెళ్ళిపోయారు. "అయితే ఆటో వేయించుకో" అన్నారు అందులోంచే.

ఆవిడకి అక్కడే ప్రాణం పోయినట్టయింది. ఎందుకంటే ఆటోమేటిక్ కార్లని అంతకాలం వెక్కిరించింది ఆవిడే. ఒంటికాలి బండి అనేది. ఎడమ కాలికి పని లేని కారు కారే కాదనేది. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు ఎవడైనా ఆటోమేటిక్ చాలు ఆంటీ అంటే, "ఇంకో కాలు ఇంట్లో పెట్టొచ్చినావా?" అని అడిగేది. ఇప్పుడు ఆ కుర్రాళ్ళ ముందు ఆ బండే తోలాలి. తోలకపోతే స్టీరింగ్ వదలాలి. కొన్ని రోజులు ఆవిడ ఆ కారు తియ్యనే లేదు. తరవాత ఒక పొద్దున నా తలుపు తట్టి, "మీ టేబుల్ ఫ్యాను ఇయ్యి" అంది.

వెళ్ళి చూస్తే వాళ్ళ హాల్లో నేల మీద రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఉన్నాయి. ఒకటి వాళ్ళది, ఒకటి మాది. వాళ్ళ ఫ్యాను స్విచ్చి వేసింది. మా ఫ్యానుకి కరెంటు లేదు. అయినా కాసేపటికి దాని రెక్కలు మెల్లిగా తిరగడం మొదలుపెట్టాయి.

"సూసినావా? క్లచ్ లేదు. ఒకటి తిరుగుతుంటే ఆ గాలికి రెండోది తిరుగుతుంది. ఆటోమేటిక్‌లో గాలి బదులు నూనె. అంతే."

"మరి మొదటిది తిరిగినంత జోరుగా రెండోది తిరగట్లేదుగా" అన్నాను.

ఆవిడ భర్త వైపు చూసింది. "విన్నావా? పొద్దున్నించి సెప్తన్నాను. నువ్వు ఇది అడగలేదు." నావైపు తిరిగి, "ఆ తేడా అంతా ఏడిగా మారి నూనె కాగుతుంది. ఆ ఏడి ఎక్కడికి పోతుందో సెప్పినోడి దగ్గిరే గేర్‌బాక్స్ కొంటాను" అంది.

ఆంగ్ మో కియోలో ఒక చైనావాడి గ్యారేజీ ఉంది. అక్కడ యజమానిని టౌకే అంటారు. మేమూ టౌకే అనేవాళ్ళం. నేను పిల్లని చంకనేసుకుని అక్క వెంట వెళ్ళేదాన్ని. వాళ్ళిద్దరూ ఇంగ్లీషూ మలాయీ కలిపి వాదించుకునేవారు. అక్క మధ్యమధ్యలో తిరిగి నాకు తెలుగులో చెప్పేది. నాకు గుర్తున్నంత రాస్తాను.

టౌకే దగ్గర మూడు దారులున్నాయి. నీలం కారు చేసిన కంపెనీవాళ్ళే మామూలు కారుకి వేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి. వెన్నలా మారుతుంది, కానీ ఈ ఇంజను బలానికి లోపలి ప్లేట్లు కాలిపోతాయి. రెండోది అమెరికాలో పందేలవాళ్ళు వాడే పాతకాలపుది. ఏనుగు తొక్కినా ఏమీ కాదు. కానీ దానికి మూడే గేర్లు. హైవే మీద పోతుంటే ఇంజను గొంతు చించుకుని అరుస్తూనే ఉంటుంది. మూడోది, అదే కంపెనీ పెద్ద కారుది. నాలుగు గేర్లు. దాన్ని విప్పి లోపల గట్టి ప్లేట్లు వేసి బిగించాలి.

"ఆంటీ, యూ వాంట్ స్ట్రాంగ్ ఆర్ యూ వాంట్ స్మూత్?" అన్నాడు టౌకే.

"బోత్ లా. ఐ పేయింగ్ ఫర్ వన్ కార్, నాట్ హాఫ్."

ఆవిడ మాటలతో తేల్చుకునే రకం కాదు. ఒక్కో రకం గేర్‌బాక్స్ ఉన్న కారు ఎవరి దగ్గరుందో టౌకేని అడిగి, వాళ్ళ పక్కన కూచుని ఒక చుట్టు తిరిగొచ్చింది. పక్క సీటంటే ఆవిడకి సొంత కుర్చీ. ఎక్కగానే కళ్ళు మూసుకునేది. ఎడమ పాదం చెప్పు విడిచి నేల మీద ఆనించేది. నడిపేవాళ్ళతో, "నీకు తెలిసినట్టు నడపకు. నేర్చుకోడానికి ఎల్లిన మొదటిరోజు ఎలా నడిపినావో అలా నడుపు" అనేది. మంచి చేతుల్లో ఏదైనా బాగానే పోతుంది, అధ్వాన్నపు చేతుల్లో ఎలా ఉంటుందో చూడాలని ఆవిడ పద్ధతి. అమెరికాది ఎక్కి దిగినప్పుడు మెడ పట్టుకుని, "గట్టిదే. గాడిద కూడా గట్టిదే" అంది. మూడో రకం ఎక్కి దిగినప్పుడు ఏమీ అనలేదు. దాన్నిబట్టి అదే ఖాయమని నాకు తెలిసింది.

అప్పుడు ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే నూనె ఫ్యాన్ల దగ్గర గొడవ వచ్చింది. అవి వదులుగా పట్టే రకం పెడితే సిగ్నల్ పడగానే కారు పులిలా దూకుతుందని టౌకే ఆశపడ్డాడు.

"దూకి ఎక్కడికెల్లాలి? ముందు సిగ్నల్‌కేగా? ఆదివారం సాయంత్రం జోహార్ వంతెన మీద బండి పాకుతుంటే నీ పులి ఏటి సేస్తుంది?"

"వేడెక్కుతుంది" అని ఒప్పుకున్నాడు.

బిగుతుగా పట్టేదే వేయించింది. నూనె చల్లబరిచే రేడియేటర్ పెద్దది పెట్టించింది. ఒక్క విషయంలో మాత్రం టౌకే తగ్గలేదు. గేరు మారడం మరీ మెత్తగా ఉండాలని ఆవిడ పట్టు. మెత్తగా మారితే ప్లేట్లు రాసుకుని అరుగుతాయి, కొంచెం తెలిసేలా మారాల్సిందే అని అతను. చివరికి అక్కే, "సరే, నీ మాటే" అంది. కారులో ఏది మార్చినా అక్కడ సర్కారు తనిఖీ ఉంటుంది. ఆ కాగితాలు, అనుమతులు టౌకే చూసుకున్నాడు.

కారు ఇంటికి వచ్చిన మర్నాడే శ్రీరామనవమి. అక్క దాన్ని తోలడం అదే మొదలు. గుడికి పానకం చేసివ్వడం నా వంతు. పెద్ద స్టీలు క్యాను ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూచున్నాను. మూత సరిగా బిగించానో లేదో అప్పుడు ఆలోచించలేదు. వెనక ఆయన, పేపరు. కారు మెత్తగా కదిలింది. అక్క ముఖంలో వెలుగు వచ్చింది. మొదటి గేరు, రెండో గేరు. మూడోదానికి మారే చోట ఇంజను గొంతు మారింది. ఆ గొంతు వినగానే ఆవిడ ఎడమ కాలు క్లచ్ కోసం లేచింది. క్లచ్ అక్కడ లేదు. దాని చోటులోకి జరిగి వెడల్పాటి బ్రేకు ఉంది. క్లచ్‌ని తొక్కినంత బలంగా బ్రేకుని తొక్కింది.

కారు నిలువునా ఆగింది. వెనక ఎవరూ లేకపోవడం మా అదృష్టం. పానకం మాత్రం ఆగలేదు. అద్దం మీద, స్టీరింగ్ మీద, అక్క చీర మీద, నా నెత్తిన. వెనక సీటులోంచి తడిసిన పేపరు పక్కకి పెట్టి, "మిరియాలు కొంచెం ఎక్కువయ్యాయమ్మా" అన్నారు ఆయన.

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. కారు పక్కకి తీసి ఆపి, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూచుంది. "ఇన్నేళ్ళు అందరి కాళ్ళూ సరిసేసినాను" అంది. "నా కాలు నా మాట వినటం లేదు." డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆ ముఖం అలా లేదు.

బెల్లపు నీళ్ళు కదా, ఎంత తుడిచినా చీమలు కొన్ని నెలలు ఆ కారులోనే కాపురం పెట్టాయి.

బ్రేకు పెడల్ కోసి చిన్నది చేస్తానన్నాడు టౌకే. కాలిని సీటుకి కట్టేసుకోమన్నారు భర్త. "తప్పు పెడల్‌ది కాదు" అని ఇద్దరినీ తోసేసింది. తరవాతి ఆదివారం నన్ను ముందు సీటులో కూచోబెట్టి, నా కుడిచెయ్యి తీసుకుని తన ఎడమ మోకాలి మీద పెట్టుకుంది.

"ఇది లేస్తే నొక్కెయ్యి."

"అక్కా, నాకు డ్రైవింగ్ ఏం తెలుసని?"

"అందుకే నువ్వు. తెలిసినోళ్ళని కూసోబెడితే నాకు నేర్పిస్తారు."

పిల్ల లేచేలోగా వచ్చేయొచ్చని పొద్దున్నే బయల్దేరేవాళ్ళం. రోడ్లు ఖాళీగా ఉంటాయని, ఫ్యాక్టరీలుండే జురాంగ్ ఐలాండ్ వైపు తీసుకెళ్ళేది. లోపలికి వెళ్ళాలంటే పాసుండాలి. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిప్పేది. ఇంజను గొంతు మారిన ప్రతిసారీ నా అరచేతి కింద మోకాలు పైకి వచ్చేది. నేను నొక్కేదాన్ని. మొదట్లో చేపపిల్లని పట్టుకున్నట్టుండేది, ఎటు ఎగురుతుందో తెలియదు. తరవాత తరవాత నాకు ఇంజను గొంతు పట్టుబడింది. గేరు మారబోతోందని నాకు ముందే తెలిసేది. మోకాలికంటే ముందే నా చెయ్యి బరువు వేసేది.

"బాగానే ఇంటన్నావే" అంది ఒకరోజు.

ఇంకోరోజు సిగ్నల్ దగ్గర ఒక లారీ వచ్చి పక్కన ఆగింది. వెనక పనికి పోయే కుర్రాళ్ళు. అందులో ఒకడు మా ఇద్దరినీ, కారునీ చూసి పక్కవాడితో, "అరేయ్, అవ్వలు రేసుకు పోతున్నరు" అన్నాడు. మాకు తెలుగు వస్తుందని వాడనుకోలేదు.

అక్క అద్దం దించింది. "పోతన్నాం. వస్తావేటి?"

వాడు లారీలో దాక్కున్నాడు. మిగిలినవాళ్ళు వాడి వీపు మీద చరిచి నవ్వడం నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ రోజు ఇల్లు చేరేవరకు ఆవిడ కూనిరాగం తీస్తూనే ఉంది.

కంప్యూటరు కుర్రాళ్ళు కూడా ఊరుకోలేదు. "ఆంటీ, ఒంటికాలి బండి ఎలా ఉంది?" అని ఒకడు కింద పార్కింగ్ దగ్గర అడిగాడు. ఆవిడ వాడిని ఆపాదమస్తకం చూసి, "నీకు రెండు కాళ్ళున్నాయి గదా, నా దగ్గర పరీక్ష ఎన్నిసార్లు తప్పినావు?" అంది. వాడు మళ్ళీ అడగలేదు. కానీ ఆవిడ లిఫ్టులో నా చెవిలో, "అడిగినాడు సూడు. అడుగుతాడని తెలుసు" అంది. ఆ మాటలో పాత కోపం లేదు.

చీమలు తగ్గాక, ఒక ఆదివారం మలేషియా వెళ్ళాం. పానకం లేదు, ఏ పనీ లేదు. జోహార్ వంతెన మీద చాలాసేపు పాకాం. ఆవిడ మాటిమాటికీ నూనె వేడి చూపించే ముల్లు వైపు చూసి తల ఆడించింది. అది ఉన్నచోటే ఉంది. దాటాక హైవే ఎక్కే చోట పక్కదారి చిన్నది. వెనక పెద్ద లారీ దూసుకు వస్తోంది. ఆవిడ అద్దంలో చూసి, కుడి కాలు దించింది.

ఆ ఇంజను ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. వెనక పేపరు చప్పుడు ఆగిపోయింది. గొంతు ఒకసారి మారింది, ఇంకోసారి మారింది, మూడోసారీ మారింది. లారీ ఎక్కడో వెనక చిన్నదైపోయింది. ఆవిడ కాలు సర్దుకుని, బోర్డు మీదున్న వేగానికి దించి, అక్కడే నిలబెట్టింది.

నా చెయ్యి మోకాలి మీదే ఉంది. గేరు మారడం నాకు తెలిసింది. మోకాలికి తెలియలేదు.

వెనక ఆయన, "ఇక పేజీ తిప్పుకోవచ్చా?" అని అడిగారు. దారిలో ఆగి నూడుల్స్ తిన్నాం, కొబ్బరినీళ్ళు తాగాం. తిరుగుదారిలో మళ్ళీ నా చెయ్యి తీసుకుని మోకాలి మీద పెట్టుకుంది. ఇల్లు చేరేదాకా అది ఒక్కసారి కూడా లేవలేదు. నా చెయ్యి ఊరికే ఉంది. ఊరికే ఉందని ఇద్దరికీ తెలుసు. తియ్యమని ఆవిడ అనలేకపోయింది, తియ్యడం నాకు చేతకాలేదు.

మర్నాడు పొద్దున్నే కింద హారన్ మోగింది. నేను వరండాలోకి వచ్చి గోడ మీంచి వంగి చూశాను. నీలం కారు మెట్ల ముందు ఆగి ఉంది. ముందు తలుపు నాకోసం తెరిచి పెట్టింది.

"రాలేనక్కా" అన్నాను. "మినప్పప్పు నానబోశాను. రుబ్బాలి."

ఆవిడ తల బయటికి పెట్టి పైకి చూసింది. తరవాత వంగి, తెరిచి ఉన్న తలుపు తనే లాక్కుని వేసుకుంది. కారు మలుపు తిరిగేదాకా చూశాను. తిరిగాక కూడా గోడ పట్టుకుని నిలబడి విన్నాను. గొంతు మారింది, మళ్ళీ మారింది, ఎక్కడా ఆగలేదు.

లోపలికి వచ్చి, అప్పుడు పప్పు నానబోశాను.